పైపు పగిలిందండీ, తొందరగా రండి!

ఆ రోజు ఉదయం అధ్యక్షురాలి పథకం చాలా సాదాసీదాగా ఉంది. తలస్నానం చెయ్యాలి. జుట్టు ఆరేలోగా అద్దం ముందు నిలబడి, మధ్యాహ్నం కమిటీ సమావేశంలో చెప్పాల్సిన నాలుగు ముక్కలూ వల్లె వేసుకోవాలి. తర్వాత పై అంతస్తులో ఉండే పళ్ళ డాక్టరుగారిని వెంటబెట్టుకుని హాలుకు వెళ్ళి, ఆయన కోటుకు "గౌరవ రాయబారి" అని రాసున్న బ్యాడ్జీ గుచ్చాలి. ఆ మురిపెం తగ్గకముందే ఆయన చేత "ప్లంబర్ లైను మూసెయ్యడానికి వీల్లేదు" అని నలుగురిలో అనిపించాలి. అంతకంటే పెద్ద ఆశలేమీ ఆమెకు లేవు.

ప్లంబర్ లైను అంటే కుళాయిలు బాగుచేసేది కాదు. ఇంట్లో మొగుడి చేతిలోనో అత్తింటివాళ్ళ చేతిలోనో నలిగిపోతున్న ఆడవాళ్ళకు అండగా నిలబడే సంస్థ వాళ్ళది. అండ కావాలంటే ముందు ఫోన్ చెయ్యాలి కదా! ఫోన్ చేద్దామంటే ఆ మొగుడు పక్క కుర్చీలోనే కూర్చుని వింటుంటాడాయె. అందుకని అధ్యక్షురాలు ఒక ఉపాయం పన్నింది. సంస్థ నంబరును ప్రతి మహిళా తన ఫోన్లో "ప్లంబర్" అని పెట్టుకోవాలి. "కుళాయి కారుతోంది" అంటే మాటలతో పొడుస్తున్నాడని. "సింకు జామైంది" అంటే గడప దాటనివ్వడం లేదని. "పైపు పగిలింది" అంటే ఇక ఆగలేను, వచ్చి తీసుకుపొమ్మని. పక్కన మొగుడు వింటున్నా పేపరు తిరగేస్తూ కూర్చుంటాడు. ఇంట్లో నీళ్ళు కారుతున్నాయంటే లేచి వెళ్ళి చూసే మగవాళ్ళు ఎంతమంది కనక!

తీసుకురావడానికి ఒక వ్యాను. దాని రెండు పక్కలా "శీఘ్ర ప్లంబింగ్ సర్వీస్" అని నీలం అక్షరాలు, నెత్తిన నాలుగు ఉత్తుత్తి పైపులు. నడిపేది ఒకప్పుడు సిటీ బస్సు నడిపిన ఆవిడ. చెయ్యెత్తు మనిషి, నోరు కూడా అదే కొలత. ఆవిడను అందరూ బుల్లెట్టక్క అంటారు.

ఇంత పకడ్బందీ ఉపాయానికి ఒకే ఒక్క చిక్కు వచ్చిపడింది. ఫోన్ చేసిన వెంటనే వచ్చి వాలే ప్లంబరు ఉన్నాడన్న వార్త ఊరంతా పాకిపోయింది. అలాంటి ప్లంబరును ఎవరూ ఎన్నడూ ఎరగరు కనక నిజంగా కుళాయిలు కారేవాళ్ళందరూ ఆ నంబరు మీద పడ్డారు. వాళ్ళకు జవాబు చెప్పలేక ఉపాధ్యక్షురాలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. హెడ్‌మేడమ్ అనే పిలుస్తారు. "మొన్నెవరో గీజరు బిగించమన్నాడు. కుదరదంటే, మీ ఓనరుకి ఫోనివ్వమన్నాడు! ఈ గోల నావల్ల కాదు, లైను మూసేద్దాం" అని ఆవిడ ప్రతిపాదన పెట్టింది. కమిటీలో సగం మంది అటే మొగ్గారు. మిగతా సగం ఎటు టీ వస్తే అటు మొగ్గే రకం.

లైను మూతపడినా అధ్యక్షురాలి పదవికేం ఢోకా లేదు. కానీ పక్క గదిలో చెవులు రిక్కించిన మనిషి ఉంటే నోరు విప్పలేని ఆడవాళ్ళు ఇంకెవరికి చెప్పుకుంటారన్న దిగులు ఆమెను నిజంగానే తినేస్తోంది. గొప్పలు చెప్పుకోవడం ఆమెకు అలవాటే గానీ, ఈ దిగులు మాత్రం గొప్ప కోసం కాదు.

ఆ దిగుల్లోంచి పుట్టిన ఆశే పళ్ళ డాక్టరుగారు. స్త్రీల గౌరవం మీద ఆయన మాట్లాడితే కుర్చీలు కూడా చెమ్మగిల్లుతాయని ప్రతీతి. ఎదుటివాళ్ళు నోరు తెరుచుకుని పడుకుని ఉంటే తాను ఏకబిగిన మాట్లాడటం ఆయనకు వృత్తిరీత్యా అబ్బిన విద్య. భార్య మాత్రం మెట్ల మీద ఎదురుపడితే ఒక చిన్న నవ్వు నవ్వి తప్పుకునేది. అంత మాటకారి మొగుడుంటే పాపం ఆవిడకు వంతు ఎప్పుడొస్తుందిలే అనుకునేది అధ్యక్షురాలు.

ఆమె నెత్తికి షాంపూ పట్టించి, కళ్ళు మూసుకుని మగ్గు కోసం తడుముకుంటున్న సమయంలో వంటింట్లోంచి "ఏమోయ్!" అని కేక వినబడింది.

ఆమె భర్త రిటైరైన సర్వేయరు. ఊళ్ళకు ఊళ్ళే కొలిచినవాడు కనక వంటింటి సింకు కింద అరగజం పైపు తనకో లెక్కా అనుకున్నాడు. అది కొంతకాలంగా చుక్కచుక్కగా కారుతోంది. ఆ ఉదయం స్పానరు పట్టుకుని సింకు కిందికి దూరి, ఏ వైపు తిప్పకూడదో సరిగ్గా ఆ వైపే తిప్పాడు.

అధ్యక్షురాలు తలకు తువ్వాలు చుట్టుకుని పరిగెత్తుకొచ్చేసరికి వంటిల్లు చెరువైంది. నీళ్ళు ఆపుదామని వంగిన ఆమెకు సింకు కింది అల్మరా తలుపు నుదుటి మీద ఠపీమని తగిలింది. కళ్ళలో షాంపూ, నుదుటి మీద బొప్పి, కాళ్ళ కింద వరద.

"మీ చెయ్యి పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పానండీ!"

"ఇంకొక్క మెలిక తిప్పితే ఆగిపోతుందే!"

"ఆ స్పానరు కింద పెట్టండి ముందు!" అంటూ ఆమె తడి చేతులతో, మంటెక్కిన కళ్ళతో ఫోను వెతుక్కుని "ప్లంబర్" అన్న పేరు మీద నొక్కింది. ఆమె ఫోన్లో ఆ పేరుతో రెండు నంబర్లున్నాయి. ఒకటి నిజం ప్లంబరుది. రెండోది, నలుగురికీ ఆదర్శంగా ఉండాలని తనే పెట్టుకున్నది.

"ప్లంబింగ్ సర్వీసండీ," అంది అవతలి నుంచి ఒక బొంగురు గొంతు.

"పైపు పగిలిందండీ, తొందరగా రండి!"

"ఎప్పట్నుంచి?" అందా గొంతు, ఈసారి కొంచెం తగ్గి.

"కారడం చాలా రోజుల్నుంచే కారుతోంది. నేనే ఎలాగోలా సర్దుకుంటూ వచ్చా. ఇవాళ మా ఆయన చెయ్యి పడింది, ఇంక చూస్కోండి!"

"ఆయన... ఇప్పుడక్కడే ఉన్నారా?"

"ఎక్కడికి పోతాడు? నా ఎదురుగానే ఉన్నాడు, స్పానరు పట్టుకుని. కింద పెట్టమంటే వినడే!"

"మీరేం భయపడకండి. ఆయనకి ఎదురు చెప్పకండి. మేం వచ్చేస్తున్నాం."

"అడ్రసు రాసుకోండి మరి..."

"తెలుసు," అని ఫోను పెట్టేశారు. ఈమధ్య ప్లంబర్లు ఎంత మర్యాదగా మాట్లాడుతున్నారు అనుకుంది అధ్యక్షురాలు. ఫోన్ ఎత్తేవాళ్ళు గొంతు మార్చి, మగవాడిలా బొంగురుగా మాట్లాడాలని నియమం పెట్టింది ఆమే. దాంతో హెడ్‌మేడమ్ గొంతును ఆమె పోల్చుకోలేకపోయింది. ఇవతలి గొంతును మాత్రం హెడ్‌మేడమ్ మొదటి ముక్కకే పోల్చుకుంది.

పక్క వీధిలోని ఆఫీసు నుంచి వ్యాను వచ్చి ఆగిన వేగానికి నెత్తి మీది ఉత్తుత్తి పైపొకటి ఊడి రోడ్డు మీద దొర్లింది. తలుపు తెరిచిన సర్వేయరుగారు నిలువునా తడిసి, చేతిలో స్పానరుతో నిలబడి ఉన్నాడు.

"అది ఇలా ఇవ్వండి సారూ," అని బుల్లెట్టక్క స్పానరు లాక్కుని, ఆయన్ని భుజం పట్టుకుని గోడకు ఆనించింది. "ఇక్కణ్ణుంచి కదిలారంటే బాగోదు."

"ప్లంబర్లలో ఆడవాళ్ళు కూడా వచ్చారా!" అని ఆయన సంతోషపడబోయాడు గానీ, ఆవిడ చూపు చూసి ఆ సంతోషాన్ని లోపలే దాచుకున్నాడు.

తువ్వాలు చుట్టుకుని, ఎర్రటి కళ్ళతో, బొప్పి కట్టిన నుదురుతో అధ్యక్షురాలు హాల్లోకి వచ్చింది. ఆమెను చూడగానే హెడ్‌మేడమ్ బావురుమంది. వచ్చి గట్టిగా కావలించుకుంది.

"ఎంత దాచుకున్నారండీ! మా అందరికీ ధైర్యం చెప్పి, మీరు మాత్రం..."

"ఏం దాచుకున్నాను? మీరేంటి ఇక్కడ? నేను పిలిచింది ప్లంబర్నయితే!"

"మేమేనమ్మా ప్లంబర్లం. వచ్చేశాం."

అధ్యక్షురాలికి అప్పుడు వెలిగింది. వెలిగాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అయ్యో రామా! అదేం లేదండీ. నిజంగా పైపే పగిలింది!"

"అదేనమ్మా, అందుకే వచ్చాం."

"అది కాదు, ఏమీ జరగలేదంటున్నాను!"

హెడ్‌మేడమ్ బుల్లెట్టక్క వైపు చూసి బరువుగా తలూపింది. 'ఏమీ జరగలేదన్న మనిషినే ముందు వ్యాను ఎక్కించాలి' అని శిక్షణ తరగతిలో వేలు ఆడిస్తూ చెప్పింది అధ్యక్షురాలే.

"మరి ఆ నుదురేంటి?"

"అల్మరా తలుపు తగిలింది."

"తలుపు!" అంది బుల్లెట్టక్క నిట్టూరుస్తూ. "అన్ని ఇళ్ళల్లోనూ ఈ తలుపులకేం పొయ్యేకాలమో!"

"అయ్యో, మా ఆయన చాలా మంచివాడండీ!"

"అదిగో, అది కూడా అనేసింది. ఇంక ఒక్కటే మిగిలింది," అంది హెడ్‌మేడమ్ కళ్ళొత్తుకుంటూ.

"తప్పంతా నాదే!" అంది అధ్యక్షురాలు విసిగిపోయి. "నంబరు చూడకుండా నొక్కాను!"

శిక్షణలో రాసుకున్న జాబితాలో మిగిలింది ఆ ముక్కే. ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకున్నారు. ఆమె కాదంటున్నకొద్దీ వాళ్ళ పట్టు బిగుస్తోంది. ఎంత బాగా నేర్పానో అని ఆమెకు ఒకపక్క గర్వంగానే ఉంది గానీ, తువ్వాలుతో వీధిలోకి నడవాల్సి రావడం ఇబ్బందిగా ఉంది.

"నేనేం చేశానమ్మా?" అన్నాడు సర్వేయరుగారు గోడ దగ్గర్నుంచి. "బిగిద్దామని తిప్పాను, అంతే!"

"ఏం తిప్పారు?"

"వంటింట్లో పైపు!"

అది అబద్ధమని అక్కడికక్కడే తేల్చేద్దామని బుల్లెట్టక్క వంటింట్లోకి దూసుకెళ్ళింది. రెండు క్షణాల్లో తల నుంచి కాలిదాకా నీళ్ళోడుతూ బయటికొచ్చింది. "హెడ్‌మేడమ్, ఈ ఇంట్లో పగిలింది పైపేనండీ."

హెడ్‌మేడమ్ ముఖంలో ముందు ఊరట కనబడింది. దాని వెనకే ఇంకొకటి వచ్చింది. పిల్లలెవరైనా కాపీ కొడుతుండగా పట్టుకున్నప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌లకు వచ్చే వెలుగది.

"అంటే, ఈ లైను కనిపెట్టిన మీరే నిజం ప్లంబరు కోసం ఈ లైనుకి ఫోన్ చేశారన్నమాట. ఇంక మధ్యాహ్నం నేను వాదించాల్సింది కూడా ఏమీ లేదు."

అధ్యక్షురాలు కుర్చీలో కూలబడింది. పళ్ళ డాక్టరుగారు కాదు కదా, పళ్ళన్నీ ఏకమై వచ్చి చెప్పినా ఇక కమిటీ వినదు. తన లైనును తన చేత్తోనే తెంపుకున్నట్టయింది. కుర్చీలో కూలబడింది.

హెడ్‌మేడమ్ కొంచెం మెత్తబడింది. "పోనీలెండి, ఇవాళ్టిది పొరపాటు. నిన్నటిదైనా చెప్పండి. అది కూడా పైపేనా?"

"నిన్నేంటి?"

"నిన్న సాయంత్రం ఫోన్ చేశారుగా, గుసగుసగా? పైపు పగిలిందని, ఈ బిల్డింగు పేరే చెప్పారు. నేను రోజూ వచ్చే గీజర్ల బాపతే అనుకుని, 'రేపొస్తాం, అప్పటిదాకా బకెట్టు పెట్టుకోండి' అని పెట్టేశాను. ఇవాళ మీ గొంతు వినగానే, నిన్నటిది కూడా మీరేనని నా గుండె ఆగినంత పనైంది."

"నిన్న నేను అసలు ఫోనే చెయ్యలేదు," అంది అధ్యక్షురాలు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అయితే ఆ గుసగుస ఎవరిది?

తెరిచి ఉన్న గుమ్మం దగ్గర ఎవరో చిన్నగా దగ్గారు. పళ్ళ డాక్టరుగారి భార్య. ఒక చేతిలో చిన్న బ్యాగు, రెండో చేతిలో చెప్పులు. చప్పుడు కాకుండా మెట్లు దిగడానికి విప్పినట్టుంది.

"రేపొస్తామన్నారు కదండీ," అందావిడ, ఆలస్యంగా వచ్చినందుకు తనే క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. "కిటికీలోంచి వ్యాను కనబడింది. బకెట్టంటే సర్దుకోమని అర్థమేమోననుకుని రాత్రే సర్దేశాను."

బుల్లెట్టక్క ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"మీకు... ఈ నంబరు?" అంది అధ్యక్షురాలు.

"మీరే ఇచ్చారు, మెట్ల మీద. 'మీకెలాగూ అక్కర్లేదనుకోండి, అయినా ఉంచుకోండి' అన్నారు."

ఆవిడ పొడుగు చేతుల జాకెట్టు కొంచెం పైకి జరిగి మణికట్టు కనబడింది. అందరూ చూస్తున్నారని గమనించి కిందికి లాక్కుంటూ, "ఇది తలుపు..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. తర్వాత తల ఎత్తింది. "తలుపు కాదండీ."

అధ్యక్షురాలికి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తన లైనును కాపాడమని ఇన్నాళ్ళూ ఆ డాక్టరు గుమ్మం ముందు నిలబడి బతిమాలుకుంది. ఆ గుమ్మం వెనక ఎవరున్నారో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

"ఆయనెక్కడ?"

"స్నానాల గదిలో. ఇవాళ్టి ఉపన్యాసం గట్టిగా చదువుకుంటున్నారు. ఇంకా స్త్రీ దేవత అన్న దగ్గరికే వచ్చారు, చాలా ఉంది."

నిజమే. వంటింటి వెంటిలేటర్లోంచి, నీళ్ళ హోరును మించి, గంభీరమైన కంఠం వినబడుతోంది: "స్త్రీ కంట కన్నీరు చిందిన ఇల్లు..."

"పదండి," అంది అధ్యక్షురాలు తువ్వాలు బిగించి కట్టుకుంటూ. తాను ఏ నోటి మీద ఆశ పెట్టుకుందో ఆ నోరు ఇక తనకు అక్కరకు రాదని ఆమెకు తెలుసు. లైను పోతే పోనీ, ముందు ఈ మనిషి గట్టున పడాలి. ఆవిడ చేతిలోని బ్యాగు హెడ్‌మేడమ్ అందుకుంది.

వ్యాను వెనక భాగానికి కిటికీలు లేవు. ఆవిణ్ణి లోపల కూర్చోబెట్టి తలుపు వేశారు. బుల్లెట్టక్క తాళం తిప్పింది. వ్యాను ఒకసారి మూలిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పింది. ఈసారి మూలుగు కూడా లేదు.

సరిగ్గా అప్పుడే అత్తరు వాసన ముందూ, తాను వెనకా పళ్ళ డాక్టరుగారు మెట్లు దిగి వచ్చారు. తెల్ల కోటు, చేతిలో చుట్టిన కాగితాలు.

"ఏమిటండీ, అధ్యక్షురాలుగారు ఈ అవతారంలో!"

"పైపు పగిలిందండీ," అంది ఆమె. ఆ మాట ఆ పూట ఎన్నోసారో ఆమెకే తెలియదు.

"అయ్యయ్యో. మా ఆవిడ కూడా వద్దామనుకుంది గానీ ఒంట్లో బాగాలేదు. పిలిస్తే పలకలేదు, పడుకున్నట్టుంది. బయట తాళం వేసి వచ్చేశా," అని ఆయన జేబు తట్టుకున్నాడు. "ఆడవాళ్ళకి భద్రత ముఖ్యం కదండీ."

హెడ్‌మేడమ్ గొంతులోంచి ఏదో వచ్చింది. దాన్ని దగ్గుగా మార్చి, వెంటనే బొంగురు గొంతు తెచ్చుకుంది. "డాక్టరుగారూ, బండి మొరాయించింది. ఒక చెయ్యి వేస్తారా?"

"తప్పకుండా! మహిళలకి చేయూతనివ్వడం నా బాధ్యత!" ఆయన కాగితాలను అధ్యక్షురాలి చేతిలో పెట్టి, కోటు చేతులు మడుచుకుని, వెనక తలుపుకు భుజం ఆనించాడు. ఆ రేకుకు అవతలి పక్క ఆయన భార్య కూర్చుని ఉంది. ఇవతల ఒక పక్క ఆయన, మరో పక్క నీళ్ళోడుతున్న సర్వేయరుగారు. ఈయనకు ఇంత జరిగినా తానేం తప్పు చేశాడో ఇంకా బోధపడలేదు.

"గట్టిగా, డాక్టరుగారూ! ఇంకా గట్టిగా!" అని అరిచింది అధ్యక్షురాలు. అంత మనస్ఫూర్తిగా ఆమె ఎవరినీ ఏనాడూ ప్రోత్సహించలేదు.

వీధి మలుపు దాకా తోశాడాయన. వ్యాను ఒక్కసారి ఎగిరి, నల్లటి పొగను ఆయన తెల్లకోటు మీదికి ఊది, కదిలిపోయింది. ఆయన మోకాళ్ళ మీద పడి, లేచి, దుమ్ము దులుపుకుంటూ వెళ్ళిపోతున్న వ్యానుకు చెయ్యి కూడా ఊపాడు.

మధ్యాహ్నం ఆయన హాలుకు ఆలస్యంగా వచ్చాడు. కోటు మార్చుకోవడానికి ఇంటికెళ్ళి తాళం తీసినట్టుంది, ముఖంలో నెత్తురు చుక్క లేదు. అధ్యక్షురాలిని పక్కకు పిలిచి, పళ్ళు బిగబట్టి అడిగాడు: "మా ఆవిడెక్కడుంది?"

"క్షేమంగా ఉంది. ఎక్కడని మాత్రం అడక్కండి," అంది అధ్యక్షురాలు. "మా లాయరమ్మ సాయంత్రం మీకు ఫోన్ చేస్తుంది. ప్లంబరు గొంతుతో కాదు, సొంత గొంతుతోనే చేస్తుంది."

నలుగురిలో గొంతు పెంచలేక, పెంచకుండా ఉండలేక ఆయన వెనక వరసలో కూర్చుండిపోయాడు. వేదిక మీద హెడ్‌మేడమ్ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి ఆవిడ మాట తడబడింది.

"లైను మూసెయ్యాలన్న నా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నాను. కుళాయి కారేవాళ్ళు ఎంతమంది చేసినా సరే, అందరికీ నేనే జవాబు చెప్తాను. నిన్నొకావిడ చేసింది. నేను వినిపించుకోలేదు. అయినా ఆవిడ నన్ను నమ్మి కూర్చుంది. ఇంక ఆ ఫోను దగ్గర్నుంచి నన్ను ఎవరూ లేపలేరు." అని కూర్చుని కళ్ళు తుడుచుకుంది. టీ ఇంకా రాకపోయినా కమిటీ మొత్తం చేతులెత్తింది.

ఆ సందడి తగ్గాక, సంగతి తెలియని సభ్యురాలొకామె లేచి, "మరి డాక్టరుగారి బ్యాడ్జీ, ఉపన్యాసం?" అని గుర్తుచేసింది.

"బ్యాడ్జీ ఉండదు, ఉపన్యాసం అక్కర్లేదు," అంది అధ్యక్షురాలు. "ఆయన చెయ్యాల్సిన సేవ పొద్దున్నే చేసేశారు."

సంస్థను ముందుకు నడిపిస్తామని ఆ వేదిక ఎక్కి చెప్పినవాళ్ళు బోలెడుమంది గానీ, నిజంగా వెనక నిలబడి తోసినవాడు మాత్రం ఆయనొక్కడే.